గుర్రపు రౌతుల వెండి: మధ్య ఆసియా సంచారుల నాణేలు, తెలుగువారి శకం

ఇర్వింగ్ నగరంలోని లాస్ కొలీనాస్ ప్రాంతంలో, విలియమ్స్ స్క్వేర్ అనే విశాలమైన ప్రాంగణంలో, తొమ్మిది కంచు గుర్రాలు నీటి పాయను దాటుతూ పరుగెత్తుతున్నట్లు నిలిచి ఉంటాయి. రాబర్ట్ గ్లెన్ అనే శిల్పి మలచిన ఈ మస్టాంగ్ గుర్రాలను 1984లో అక్కడ నెలకొల్పారు. బంధువులు స్వదేశం నుండి వచ్చినప్పుడు వారిని తీసుకువెళ్ళి చూపే స్థలాలలో అదొకటి. టెక్సాస్ చరిత్రకు గుర్రం ఎటువంటి గుర్తో, రెండు వేల ఏళ్ళకు పూర్వం మధ్య ఆసియా గడ్డిమైదానాలలో తిరుగాడిన జాతులకు కూడా అటువంటి గుర్తే. వారు తమ గుర్రాన్ని కంచులో పోయలేదు. గోరంత వెండి బిళ్ళ మీద అచ్చు వేశారు.

ఆ వెండి బిళ్ళలకు తెలుగు కుటుంబాలతో సంబంధమేమిటన్న ప్రశ్న సహజం. ఏటా ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో శాలివాహన శకం ఇన్నవ సంవత్సరమని వింటూనే ఉంటారు. 2025 ఉగాదితో ప్రారంభమైనది 1947వ శక సంవత్సరం. ఆ లెక్కలోని ‘శకం’ అనే మాట మధ్య ఆసియా నుండి వచ్చిన ఒక సంచార జాతి పేరు. ఆ జాతి రాజులు ముద్రించిన వెండి నాణేలపై ఇదే శకంలో లెక్కించిన సంవత్సరాలు నేటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి. ఆ నాణేలను ఎవరు ముద్రించారు, వాటిని ఎలా చదవాలి, ఎలా పరీక్షించాలి, సేకరించదలచినవారు ఏమి చేయాలి, ఏమి చేయరాదు అన్న విషయాలు ఈ వ్యాసంలో క్రమంగా వివరించబడుతున్నాయి.

సంచారులకు నాణెమెందుకు?

మందలే సంపదగా గల జాతికి నాణెంతో పని తక్కువ. గొర్రెలు, గుర్రాలు, తోళ్ళు ఇచ్చిపుచ్చుకోవడానికి టంకశాల అక్కరలేదు. కాని క్రీ.పూ. రెండవ శతాబ్దిలో శకులు, యూచీలు మొదలైన జాతులు ఒకరినొకరు తరుముకొంటూ దక్షిణంగా వచ్చి, బాక్ట్రియా, గాంధార దేశాల పట్టణాలను ఆక్రమించుకొన్నారు. ఆ పట్టణాలలో అలెగ్జాండరు అనంతర కాలపు గ్రీకు రాజులు రెండు శతాబ్దుల పాటు అందమైన వెండి నాణేలను చెలామణిలో ఉంచారు. అక్కడి వర్తకుడికి కావలసింది అలవాటైన బొమ్మ, నమ్మకమైన బరువు. సైనికుడికి కావలసింది జీతం. అందుచేత కొత్త పాలకులు మొదట పాత రాజుల నాణేలనే అనుకరించారు.

యూక్రటిడీస్, హీలియోక్లీస్, యూథిడెమస్ వంటి గ్రీకు రాజుల నాణేలకు వచ్చిన అనుకరణలు పరిశీలిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. అచ్చు చెక్కిన పనివాడికి గ్రీకు లిపి రాదు. అక్షరాలు మొదట వంకరపోతాయి, తరువాత కొన్ని రాలిపోతాయి, చివరకు గీతలుగా మిగులుతాయి. రాజు ముఖం సైతం తరతరానికీ మారిపోతుంది. ఒక తెగకు చెందిన నాణేలను వరుసగా పేర్చగలిగితే ఆ మార్పు ఒక గడియారంలా పనిచేసి, ఏది ముందు, ఏది వెనుక అన్నది చెబుతుంది.

కొంతకాలానికి నాణెం మీద తెగకు చెందిన సొంత ముద్ర కూడా చోటు చేసుకొంటుంది. దీనిని తంఘా అంటారు. మందలోని గుర్రానికి, ఎద్దుకు వాత వేసి యజమానిని గుర్తించే ఆనవాలే ఇది. టెక్సాస్ రాంచీలలో పశువులకు కాల్చి వేసే ముద్రలను చూసినవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు.

మూడు జాతులు, మూడు తరహాలు

మధ్య ఆసియా సంచారుల వెండి నాణేలను నేర్చుకొనేవారు ముందుగా మూడు పెద్ద సమూహాలను గుర్తుపట్టగలగాలి.

మొదటివారు శకులు. వాయవ్య భారతంలో పాలించిన మావెస్, అజెస్, అజిలిసెస్ మొదలైనవారి నాణేలకు బొమ్మవైపు గుర్రంపై కూర్చున్న రాజు, బొరుసువైపు జ్యూస్, ఎథీనా వంటి గ్రీకు దేవతలు సాధారణంగా కనిపిస్తారు. బొమ్మవైపు గ్రీకు లిపిలో, బొరుసువైపు ఖరోష్ఠీ లిపిలో రాజు బిరుదులు ఉంటాయి. పెద్ద నాణెం సుమారు 9.8 గ్రాములు, చిన్నది సుమారు 2.4 గ్రాములు తూగుతుంది. కాలం గడిచినకొద్దీ వీటిలో వెండి పాలు తగ్గి రాగి పాలు పెరిగింది. అజెస్ పేరుతో ఇద్దరు రాజులున్నారని చిరకాలం భావించారు. ఒకరి నాణెంపై మరొకరి అచ్చు పడిన ఒక బిళ్ళను ఆధారం చేసుకొని, ఆ ఇద్దరూ ఒక్కరేనని రాబర్ట్ సీనియర్ అనే నాణేల పరిశోధకుడు వాదించారు. ఒక్క నాణెం రాజవంశ పట్టికను సవరించమని అడగగలదనడానికి ఇది నిదర్శనం.

రెండవవారు యూచీలు. చైనా చక్రవర్తి దూతగా జాంగ్ చియాన్ క్రీ.పూ. 138లో బయలుదేరి, వీరిని వెతుక్కుంటూ ఆము దరియా నదీ ప్రాంతానికి చేరాడు. వీరి అయిదు శాఖలలో ఒకటి తరువాత కుషాణ సామ్రాజ్యాన్ని స్థాపించింది. హెరాయస్ అనే నాయకుడి పెద్ద వెండి నాణేలకు ఒకవైపు తలపట్టీ ధరించిన బలమైన ముఖం, రెండవవైపు గుర్రపు రౌతు, అతనికి దండ వేస్తున్న విజయదేవత ఉంటారు. లేఖనంలో కుషాణుల పేరు కూడా ఉంది. ఈ హెరాయస్, కుషాణ వంశస్థాపకుడైన కుజుల కడ్ఫైసిస్ ఒక్కరేనని జో క్రిబ్ అనే పండితుడు 1993లో ప్రతిపాదించారు.

మూడవవారు హూణులుగా భారత చరిత్రలో ప్రసిద్ధులైన జాతులు. పారశీక రాజు పేరోజ్ హెఫ్తలైట్ల చేతిలో ఓడి, బందీగా చిక్కి, భారీగా వెండి చెల్లించి విడుదల పొందాడు. చివరకు 484లో వారితోనే యుద్ధం చేస్తూ మరణించాడు. అతడు చెల్లించిన వెండి వారి దేశంలో ఎంతగా చెలామణి అయిందంటే, ఆ తరువాత హెఫ్తలైట్లు పేరోజ్ బొమ్మనే తమ నాణేలకు నమూనాగా తీసుకొన్నారు. అంచున నాలుగు చుక్కలు ఉండటం ఆ అనుకరణలకు ఒక గుర్తు. అల్ఖాన్ శాఖకు చెందిన ఖింగిలుడు, తోరమాణుడు, మిహిరకులుడు వేసిన వెండి నాణేలు కూడా పారశీక పద్ధతినే అనుసరించాయి.

ఈ పారశీక నమూనా పశ్చిమ భారతంలో శతాబ్దుల పాటు కొనసాగింది. రాజు ముఖం చుక్కలుగా, అగ్నివేదిక అడ్డగీతలుగా మారిపోయిన ‘గధియా’ నాణేలు దాని చివరి రూపం. గ్రీకుల ద్రఖ్మ అనే మాట సంస్కృతంలో ద్రమ్మగా, హిందీలో దామ్‌గా, దాని చిన్న రూపమైన దమ్డీగా మారి, తెలుగులో దమ్మిడీగా స్థిరపడింది. చేతిలో దమ్మిడీ లేదని విచారించే తెలుగువాడు తెలియకుండానే ఒక గ్రీకు నాణెం పేరు పలుకుతున్నాడన్నమాట.

క్షత్రపుల నాణెంపై సంవత్సరం చదవడం

శకులలో ఒక శాఖ పశ్చిమ భారతంలో స్థిరపడి, గుజరాతు, మాళవ, ఉత్తర మహారాష్ట్ర ప్రాంతాలను సుమారు మూడు శతాబ్దులు పాలించింది. వీరినే పశ్చిమ క్షత్రపులంటారు. వీరి వెండి నాణెం రెండు గ్రాముల పైచిలుకు బరువు, చిటికెనవేలి గోరు కంటె కొంచెం పెద్ద పరిమాణం కలది. బొమ్మవైపు మీసాలు, టోపీ గల రాజు ముఖం కుడివైపు చూస్తూ ఉంటుంది. చుట్టూ అర్థం పోయిన గ్రీకు అక్షరాల ఛాయలు మిగిలి ఉంటాయి. బొరుసువైపు మూడు వంపుల కొండ, దాని కింద నదిని సూచించే అలల గీత, పైన చంద్రవంక, నక్షత్రం. చుట్టూ బ్రాహ్మీ లిపిలో రాజు పేరు, అతని తండ్రి పేరు, వారిరువురి బిరుదులు కనిపిస్తాయి.

తండ్రి పేరు కూడా వ్రాయడం వలన వంశవృక్షం దానంతట అదే తయారవుతుంది. అంతకంటె విలువైనది మరొకటి ఉంది. రెండవ శతాబ్ది చివరి భాగం నుండి ఈ రాజులు తమ తల వెనుక సంవత్సరాన్ని కూడా ముద్రించారు. ప్రాచీన భారతదేశంలో ఇంత క్రమబద్ధంగా తేదీ వేసిన నాణేలు చాలా అరుదు.

చదివే పద్ధతి ఇది. ఆ కాలపు బ్రాహ్మీ అంకెలలో సున్నా లేదు, స్థానవిలువ లేదు. వందకు ఒక గుర్తు, తొంభైకి ఒక గుర్తు, నాలుగుకు ఒక గుర్తు వేరువేరుగా ఉంటాయి. వాటిని గుర్తించి కూడాలి. నూరు, తొంభై, నాలుగు గుర్తులు కనిపిస్తే అది 194వ శక సంవత్సరం. దానికి 78 కలిపితే క్రీ.శ. 272 వస్తుంది. అంటే ఆ నాణెం రెండవ రుద్రసేనుడి కాలానిది. పంచాంగంలోని శక సంవత్సరానికి 78 కలిపి నేటి సంవత్సరాన్ని రాబట్టే లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. పదేళ్ళ పిల్లలు కూడా ఒక అంకెల పట్టిక దగ్గర పెట్టుకొని ఈ పని చేయగలరు. అయితే అచ్చు కంటె బిళ్ళ చిన్నదైనప్పుడు సంవత్సరంలో కొంత భాగం అంచు అవతల పడిపోతుందని గుర్తుంచుకోవాలి.

ఈ శకాన్ని కుషాణ రాజు కనిష్కుడు ప్రారంభించాడని పూర్వం చాలామంది వ్రాశారు. క్షత్రప రాజు చష్టనుడి పాలనతో ఇది మొదలైందని నేడు పలువురు పండితులు భావిస్తున్నారు. శాలివాహనుడి పేరు దీనికి ఎన్నో శతాబ్దుల తరువాత చేరింది. శకుల లెక్కకు, వారిని ఓడించిన సాతవాహనుల పేరు తోడయి, ఆ రెండూ కలిసి ఒకే పదబంధంగా తెలుగు లోగిళ్ళలో నిలిచిపోయాయి. ఆ పోరాటానికి సాక్ష్యం కూడా వెండి మీదనే ఉంది.

జోగల్‌తెంభి నిధి

నహపాణుడు క్షహరాత శాఖకు చెందిన శక పాలకుడు. అతని అల్లుడు ఉషవదాతుడు నాసిక్ గుహలలో వేయించిన శాసనం ఆనాటి ద్రవ్య వ్యవహారాన్ని చక్కగా తెలుపుతుంది. భిక్షువుల కొరకు మూడు వేల కార్షాపణాలను రెండు సాలెవారి శ్రేణులలో నిల్వ ఉంచాడు. రెండు వేలకు నెలకు నూటికి ఒకటి, వేయికి నెలకు నూటికి ముప్పావు చొప్పున వడ్డీ. తెలుగు పల్లెలలో రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ అని నేటికీ చెప్పుకొనే లెక్క ఇదే. అదే శాసనంలో ఒక సువర్ణానికి 35 కార్షాపణాలు అని మారకపు విలువ సైతం కనిపిస్తుంది.

ఈ నహపాణుడి వంశాన్ని సాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి నిర్మూలించాడని, అతని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్‌లోనే వేయించిన శాసనం చెబుతుంది. కాని శాసనం బంధువుల ప్రశంస. విజేత తల్లి చెప్పిన మాటకు వేరే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంభి గ్రామంలో బయటపడింది. ఒక్కచోట 13,000కు పైగా నహపాణుడి వెండి నాణేలు దొరికాయి. వాటిని రెవరెండ్ హెచ్. ఆర్. స్కాట్ ఓపికగా పరిశీలించి, రాయల్ ఏషియాటిక్ సొసైటీ బొంబాయి శాఖ పత్రికలో వివరించారు. వాటిలో 9,000కు పైగా నాణేలపై గౌతమీపుత్రుని అచ్చు రెండవసారి పడింది. నహపాణుడి ముఖం మీద సాతవాహనుల కొండ గుర్తు, రాజు పేరు. వెనుకవైపు బాణం, వజ్రాయుధం మీద ఉజ్జయిని గుర్తు. కింది బొమ్మ పూర్తిగా చెరిగిపోలేదు. ఓడిన రాజు ముక్కు, గెలిచిన రాజు పేరు ఒకే బిళ్ళ మీద కనిపిస్తాయి.

ఈ నిధి మూడు సంగతులు తేల్చింది. నహపాణుడి నాణెం మీద గౌతమీపుత్రుని ముద్ర ఉన్నది గనుక వారిలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది స్పష్టమైంది. ఇద్దరికీ మధ్య మరే క్షహరాత రాజు నాణేలూ ఆ రాశిలో లేవు గనుక ఒకరి తరువాత ఒకరు ఆ సీమను వెంటనే పాలించారని తెలిసింది. వేల నాణేలను కరిగించకుండా తిరిగి అచ్చువేశారు గనుక విజేత ఆ ప్రాంతపు వర్తకానికి అంతరాయం కలగకుండా జాగ్రత్తపడ్డాడని ఊహించవచ్చు. గౌతమీపుత్రుని కాలంపై పండితులలో భేదాలు ఇంకా ఉన్నప్పటికీ, ఈ క్రమాన్ని కాదన్నవారు లేరు.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యాంశం ఒకటి ఉంది. వీటిలో ఏ ఒక్క నాణెం విడిగా దొరికినా ఇన్ని సంగతులు చెప్పలేదు. ఆ వేల నాణేలు ఒకేచోట, ఒకే రాశిగా, లెక్క తప్పకుండా ఒక పరిశీలకుడి ముందుకు రావడం వలననే అది చరిత్ర అయింది.

తెలుగు నేల మీద శకుల వెండి

సాతవాహనులు సాధారణంగా సీసం, రాగి, మిశ్రమ లోహపు నాణేలు వేశారు. కోటిలింగాల, పెద్దబంకూరు, కొండాపురం వంటి తెలంగాణ స్థలాలలో దొరికినవి ఎక్కువగా అటువంటివే. రాజు ముఖంతో వెండి నాణెం వేయడమనే అలవాటు వారికి శకుల సీమను గెలిచిన తరువాత వచ్చింది. గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి మొదలైనవారి వెండి నాణేలు బరువులోను, ఆకృతిలోను క్షత్రపుల నాణేలకు తోబుట్టువుల వంటివి. వాటి బొమ్మవైపు లేఖనం ప్రాకృతంలోను, బొరుసువైపు లేఖనం ఒక ద్రావిడ భాషలోను ఉంటుంది. ఆ రెండవ భాష తమిళమా, తెలుగు లక్షణాలు గల దేశభాషా అన్న విషయమై పండితుల మధ్య చర్చ కొనసాగుతూనే ఉంది. ఏమైనప్పటికీ దక్షిణ దేశపు జనుల వాడుక భాష వెండి మీదికి ఎక్కడానికి సంచార జాతులు తెచ్చిన నాణెపు ఆచారమే దారి చూపింది.

వైరం వియ్యానికి కూడా దారితీసింది. జునాగఢ్ శాసనం ద్వారా 150 ప్రాంతంలో పాలించినట్లు తెలిసే మహాక్షత్రప రుద్రదాముడి కుమార్తెను సాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి వివాహమాడినట్లు కన్హేరి శాసనం వలన తెలుస్తున్నది. తరువాతి కాలంలో విజయపురిని ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని రాణులలో ఒకరైన రుద్రధర భట్టారిక ఉజ్జయిని రాజకుమార్తె. నాగార్జునకొండ శిల్పాలలో పొడవైన అంగీ, లాగు, టోపీ ధరించిన శక సైనికుడి రూపం ఉంది. పూర్వపు గుంటూరు జిల్లాలోని పెట్లూరిపాలెంలో పశ్చిమ క్షత్రపుల వెండి నాణేల నిధి దొరికింది. కనుక ఈ నాణెం తెలుగువారికి పరాయిది కాదు.

మీర్ జకా నేర్పే గుణపాఠం

జోగల్‌తెంభికి జరిగిన మేలు అన్ని నిధులకూ జరగలేదు. ఆఫ్ఘనిస్తాన్‌లోని పక్తియా రాష్ట్రంలో మీర్ జకా అనే గ్రామపు నీటి ఊటలో 1947లో వేల నాణేలు దొరికాయి. 1992 నుండి మళ్ళీ అక్కడే లక్షల సంఖ్యలో నాణేలు బయటపడ్డాయి. గ్రీకు రాజులవి, శకులవి, కుషాణులవి అన్నీ అందులో ఉన్నాయి. యుద్ధకాలం కావడంతో పర్యవేక్షించే నాథుడు లేకపోయాడు. సంచులకొద్దీ నాణేలు పెషావరు అంగళ్ళకు, అక్కడి నుండి ప్రపంచ విపణికి చేరిపోయాయి. జోగల్‌తెంభి కంటె ఎన్నో రెట్లు పెద్దదైన ఆ నిధి చెప్పగలిగిన కథలో అధికభాగం శాశ్వతంగా నశించింది. నాణేలు మిగిలాయి, వాటి పొందిక మిగలలేదు.

దీనికి భిన్నమైనది ఉత్తర ఆఫ్ఘనిస్తాన్‌లోని తిల్యా తేపే. అక్కడ 1978లో విక్టర్ సరియానిది నాయకత్వాన పురావస్తు శాస్త్రజ్ఞులు ఆరు సంచార ప్రభువుల సమాధులను పద్ధతి ప్రకారం తవ్వారు. 20,000కు పైగా ఉన్న ఆ బంగారు వస్తువులు, నాణేలు ఏ దేహం దగ్గర, ఏ స్థానంలో ఉన్నవో నమోదై ఉంది. అంతర్యుద్ధ కాలంలో కాబూలు బ్యాంకు ఖజానాలో దాచి కాపాడిన ఆ సంపద 2009లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ప్రదర్శింపబడినప్పుడు టెక్సాస్ తెలుగువారికి కూడా చూసే అవకాశం కలిగింది.

వెండిని పరీక్షించే శాస్త్రం

పాత వెండి నాణెం నిజమైనదో కాదో తెలుసుకోవడానికి మొదటి సాధనం త్రాసు. రెండవది ఆర్కిమిడిస్ సూత్రం. వస్తువును గాలిలో తూచి, ఆపై దారంతో వేలాడదీసి నీటిలో మునిగి ఉండగా తూచాలి. గాలిలో బరువును, నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే విశిష్ట గురుత్వం వస్తుంది. శుద్ధమైన వెండికి ఇది 10.49, రాగికి 8.96, సీసానికి 11.34.

ఉదాహరణకు 9.80 గ్రాముల శక నాణెం శుద్ధమైన వెండి అయితే నీటిలో 0.934 గ్రాము తగ్గాలి. అందులో అయిదో వంతు రాగి ఉంటే 0.966, సగం రాగి అయితే 1.014 గ్రాములు తగ్గుతుంది. తేడా స్పష్టంగా తెలుస్తుంది. కాని 2.10 గ్రాముల క్షత్రప నాణెం విషయంలో శుద్ధమైన వెండికి, అయిదో వంతు రాగి గల వెండికి మధ్య తేడా కేవలం 7 మిల్లీగ్రాములు. కనుక గ్రాములో నూరో వంతు మాత్రమే చూపే సాధారణ త్రాసు చిన్న నాణేలకు చాలదు. మిల్లీగ్రాములు చూపే త్రాసు కావాలి. నాణెంపై గాలి బుడగ అంటుకొన్నా లెక్క తప్పుతుంది.

పిల్లలు ఈ ప్రయోగాన్ని ప్రాచీన నాణెంతో చేయనక్కరలేదు. అమెరికాలో 1964 వరకు వేసిన క్వార్టరులో నూటికి 90 వంతులు వెండి. అది 6.25 గ్రాములు తూగి, నీటిలో సుమారు 0.61 గ్రాము తగ్గుతుంది. తరువాతి రాగి, నికెల్ క్వార్టరు 5.67 గ్రాములే తూగినా నీటిలో సుమారు 0.63 గ్రాము తగ్గుతుంది. తేలికైన నాణెం ఎక్కువ తగ్గడం ఎందుకో పిల్లలను ఆలోచించమంటే సాంద్రత అనే పాఠం జీవితాంతం గుర్తుంటుంది.

ఎక్స్ కిరణాల ప్రతిదీప్తి పరికరం లోహాల పాళ్ళను క్షణాలలో చెబుతుంది. అయితే అది చూసేది పైపొర మాత్రమే. శతాబ్దులు మట్టిలో ఉన్న నాణెం పైపొరలోని రాగి కరిగిపోయి, వెండి పాలు ఎక్కువగా కనిపించవచ్చు. అందుచేత ఏ ఒక్క పరీక్షనూ తుది తీర్పుగా తీసుకోరాదు. భూతద్దంతో చూస్తే మరికొన్ని సంగతులు తెలుస్తాయి. అసలు నాణెం సమ్మెట దెబ్బతో తయారైనది. లోహం అచ్చులోనికి నెట్టబడిన జాడలు, అంచున పగుళ్ళు ఉంటాయి. పోత పోసిన నకిలీ నాణెంపై సన్నని బుడగల గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపించవచ్చు. ఒకే మరక, ఒకే పగులు, ఒకే స్థానంలో ఉన్న రెండు నాణేలు కనిపిస్తే రెండింటినీ అనుమానించాలి.

చింతపండు వద్దు

వెండి సామాను నల్లబడితే చింతపండుతోనో, విభూతితోనో తోమడం తెలుగు ఇళ్ళలో అలవాటు. కుంకుమ భరిణకు, దీపపు కుందులకు ఆ పద్ధతి సరిపోవచ్చు; ప్రాచీన నాణేనికి అది అపకారం. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి ఏర్పడే నల్లని సిల్వర్ సల్ఫైడ్ పొర సాధారణంగా నాణేన్ని పాడుచేయదు. తోమినప్పుడు ఆ పొరతో పాటు అక్షరాల అంచులు, పునర్ముద్రణలో కింద మిగిలిన పాత బొమ్మ జాడలు కూడా పోతాయి. జోగల్‌తెంభి నాణేలను ఎవరైనా తళతళలాడేటట్లు తోమి ఉంటే నహపాణుడి ముఖంలో మిగిలిన కాస్తా అదృశ్యమయ్యేది. పైగా నేలలో చిరకాలం ఉన్న వెండి పెళుసుబారి ఉంటుంది. గట్టిగా నొక్కితే విరుగుతుంది.

నాణేన్ని అంచులతో పట్టుకోవాలి. క్లోరిన్ గల పీవీసీ సంచులలో ఉంచరాదు. ఆమ్లం లేని కాగితపు కవరులో ఉంచి, పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం వేయాలి. కవరు మీద బరువు, వ్యాసం, కొన్న తేదీ, అమ్మినవారి వివరం, అంతకు పూర్వం ఎవరి వద్ద ఉన్నదో ఆ సమాచారం వ్రాయాలి. వెండి కంటె ఆ కాగితమే విలువైన సందర్భాలు కలవు.

చట్టం ఏమి చెబుతుంది?

డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో కొంత భాగం ఇర్వింగ్ నగర పరిధిలోనే ఉంది. సెలవులకు వెళ్ళివచ్చే కుటుంబాల సామానంతా ఆ ద్వారం గుండానే వస్తుంది. అందుచేత చట్టం సంగతి ఇక్కడివారికి పుస్తక విషయం కాదు.

భారతదేశపు 1972 నాటి పురావస్తువుల, కళాసంపదల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం గాని, దాని అధికారం పొందిన సంస్థ గాని తప్ప ఇతరులు దానిని దేశం దాటించడం నిషిద్ధం. ఈ నిర్వచనంలో క్షత్రపుల నాణేలే కాదు, అమ్మమ్మ పెట్టెలోని తులం బరువు విక్టోరియా రూపాయి కూడా చేరుతుందని చాలామందికి తెలియదు. ప్రేమతో ఇచ్చిన కానుక అయినా చట్టానికి భేదం లేదు. ఇక పొలం దున్నుతుండగా దొరికిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం నిర్దేశించింది.

అమెరికా వైపు 1983 నాటి సాంస్కృతిక సంపద చట్టం ఉంది. దాని కింద 2022లో ఆఫ్ఘనిస్తాన్ పురావస్తువుల దిగుమతిపై ఆంక్షలు విధించారు; నాణేలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2024 జూలైలో భారత, అమెరికా ప్రభుత్వాలు సాంస్కృతిక సంపద ఒప్పందంపై సంతకాలు చేశాయి. కనుక సేకరించదలచినవారు ఆంక్షలకు పూర్వమే ఈ దేశంలో ఉన్నట్లు పత్రాలు గల నాణేన్ని, పేరు నిలుపుకొన్న వర్తకుని వద్దనే, రసీదుతో తీసుకోవాలి. చరిత్ర చెప్పలేని అమ్మకందారు ఎంత చౌకగా ఇచ్చినా తిరస్కరించడమే మేలు.

సేకరణ అంటే కొనడమే కాదు

ఇర్వింగ్‌లో పెరుగుతున్న తెలుగు బాలబాలికలకు ఈ విద్యలో ప్రవేశించడానికి ఒక్క నాణెమైనా అవసరం లేదు. పెద్ద మ్యూజియములు తమ నాణేల చిత్రాలను ఉచితంగా చూడనిస్తున్నాయి. క్షత్రపుల నాణేల చిత్రాలు పది ఎంచుకొని, తల వెనుకనున్న అంకెలు చదివి, 78 కలిపి, తండ్రి పేరు, కుమారుని పేరు వరుసగా వ్రాసుకొంటే మూడవ శతాబ్దపు ఒక రాజవంశం కాగితంపై నిలబడుతుంది. సెలవులకు హైదరాబాదు వెళ్ళినప్పుడు అక్కడి రాష్ట్ర మ్యూజియంలోని సాతవాహనుల నాణేల ముందు ఒక అరగంట గడిపితే, చదివిన అక్షరాలు కళ్ళెదుట కనిపిస్తాయి. ఇంటిలో పాత నాణెం ఉన్నవారు దానిని కదిలించకుండా, తోమకుండా ఫోటో తీసి, ఎవరి నుండి ఎవరికి వచ్చినదో పెద్దలను అడిగి వ్రాసి ఉంచడం కూడా సేకరణే.

గడ్డిమైదానాల రౌతులు తమ సంచార జీవితంలో ఎన్నో వస్తువులు విడిచిపెట్టి సాగిపోయారు. వారి గుడారాలు మిగలలేదు, భాషలు మిగలలేదు. వారి లెక్కలోని సంవత్సరం మాత్రం పంచాంగంలో మిగిలింది. వారి వెండి మట్టిలో మిగిలింది. దేశం మారి వచ్చిన కుటుంబాలకు ఏది వెంట తెచ్చుకోవాలో, ఏది ఉన్నచోటనే ఉంచి రావాలో నిర్ణయించుకోవలసిన సందర్భాలు తరచు వస్తాయి. ప్రాచీన నాణెం విషయంలో సమాధానం కష్టమైనది కాదు. దాని చరిత్రను, దానిని చదివే నేర్పును ఎన్ని దేశాలకైనా తీసుకుపోవచ్చు. నాణేన్ని మాత్రం అది దొరికిన రాశి నుండి, దాని ఊరి పేరు నుండి వేరు చేయరాదు. వచ్చే ఉగాదినాడు శక సంవత్సరాన్ని విన్నప్పుడు, ఆ అంకెను తల వెనుక ధరించిన మీసాల రాజు ముఖం పిల్లల మనసులో మెదిలితే, ఒక్క బిళ్ళ కొనకుండానే ఆ ఇంట ఒక మంచి సేకరణ మొదలైనట్లే.